'మెరుగుపడాలి' అంటే సరిపోదు: స్పెషల్ పిల్లల చదువుకి లెక్క ఉండే టార్గెట్

ఈరోజు ఫోన్ల గురించి కాదు, ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం.

కోయిలకుంట్ల నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, మా తమ్ముడికి 11 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. వాడి ప్లాన్‌లో మూడేళ్లుగా ఒకటే లైను: 'డబ్బు గురించి అవగాహన మెరుగుపడాలి'. మెరుగుపడిందో లేదో మాకెట్లా తెలుస్తుంది?"

కరెక్ట్ ప్రశ్న. ఆ కాగితాన్ని ఐఈపీ అంటారు. ఆ ఒక్క పిల్లాడి కోసమే రాసే చదువు ప్లాన్ అన్నమాట. మన దగ్గర సమగ్ర శిక్షా కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉంటాయి కదా, అక్కడి ఐఈఆర్పీ టీచర్లు ఇలాంటి ప్లాన్లు చూస్తారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు 'యాప్ ఫాస్ట్‌గా ఉండాలి' అని పని వస్తే వెనక్కి పంపేవాళ్లం. ఎన్ని సెకన్లలో? ఏ ఫోన్‌లో? అది రాయకపోతే పని అయిందని ఎవరూ చెప్పలేరు, కాలేదని కూడా చెప్పలేరు. ఇక్కడా అంతే.

ఆ లైనునే మళ్లీ రాద్దాం.

ముందు, ఇప్పుడు ఎక్కడున్నాడు? 10, 20, 50 నోట్లు ముందు పెట్టి "పది ఇవ్వు" అంటే 5 సార్లకు 1 సారి ఇస్తున్నాడు అనుకుందాం. ఇది మొదలు.

ఇప్పుడు టార్గెట్: "డిసెంబర్ 31 లోపు, వీధి అంగట్లో, ఎవరూ చెప్పకుండా, మూడు నోట్లలోంచి అడిగిన నోటు 5 సార్లకు 4 సార్లు సరిగ్గా ఇస్తాడు. ఇట్లా వరసగా మూడు రోజులు."

ఎవరు, ఎక్కడ, ఏం చేస్తాడు, ఎన్నిసార్లు, ఎప్పటికి: అన్నీ ఉన్నాయి. చదువు రాని అవ్వ కూడా పక్కన కూర్చుని లెక్క పెట్టొచ్చు.

చాలామంది పొరపడేది సాయం దగ్గర. మనం కళ్లతో సైగ చేస్తాం, వాడు కరెక్ట్ నోటు తీస్తాడు, "వచ్చేసింది" అనుకుంటాం. అందుకే నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: చేయి పట్టి చేయించాం, చూపించాం, నోటితో చెప్పాం, తనంతట తానే చేశాడు. ప్రతిసారీ ఏదో ఒక గడిలో టిక్ పెట్టండి. చేయి పట్టే దగ్గర్నుంచి నోటిమాట దాకా వచ్చాడంటే అదీ ప్రోగ్రెస్సే. అది కూడా లెక్కలోకి రావాలి.

మన స్పెషల్ టీచర్లకు తెలిసిన ఎండీపీఎస్ అనే చెక్‌లిస్ట్‌లో 18 విభాగాలు, ఒక్కోదాంట్లో 20 చొప్పున 360 అంశాలు ఉంటాయి. ఎక్కడున్నాడో చూడటానికి అది మంచిది. అన్నీ ఒకేసారి పట్టుకోవద్దు. ఇంట్లో రోజూ పనికొచ్చేవి మూడో నాలుగో చాలు.

డిసెంబర్‌కి రాలేదనుకోండి. పిల్లాడిని తిట్టొద్దు, టీచర్ మీదికి పోవద్దు. మెట్టు ఎత్తుగా ఉంది, తగ్గించండి. మూడు నోట్లు కాదు, రెండే పెట్టండి. అదే లైను మళ్లీ కాపీ మాత్రం చేయొద్దు.

అమెరికాలో ఎండ్రూ అనే ఆటిజం ఉన్న అబ్బాయి తల్లిదండ్రులు కోర్టుకి పోయింది దీని గురించే. ఏటా దాదాపు అవే టార్గెట్లు, ముందుకు పోవట్లేదు అని. 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ పిల్లాడి పరిస్థితికి తగ్గ ప్రగతి వచ్చేలా ప్లాన్ ఉండాలి అని. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా, 16వ సెక్షన్‌లో, ప్రతి విద్యార్థి ప్రగతినీ గమనించాలని చెప్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి ఉచిత చదువు హక్కు 6 నుంచి 18 ఏళ్ల దాకే. చెల్లీ, మీ తమ్ముడికి 11. అందులో మూడేళ్లు ఒకే లైను కింద పోయాయి. ఇంక మిగిలింది ఏడేళ్లు.

రేపు అమ్మని తీసుకుని టీచర్ దగ్గరికి పో. గొడవకి కాదు. "మేడమ్, ఈ లైనుని లెక్కపెట్టేలా రాద్దామా? ఇంట్లో మేము టిక్కులు పెడతాం" అని అడుగు. ఇంట్లో లెక్క రాసిపెట్టేవాళ్లుంటే టీచర్‌కీ పని సులువే.

ఈ వీడియో అవసరమున్న ఒక్క ఇంటికైనా పంపండి. డిసెంబర్‌లో ఆ నోట్‌బుక్ ఫొటో నాకు పెట్టు చెల్లీ. ఎన్ని టిక్కులున్నా సరే. ఉంటాను, బై.