బానిసలు గెలిచిన స్వాతంత్ర్యము
(ఆగష్టు 23వ తేదీని జరిగిన స్మారకసభలో చేసిన ప్రసంగ పాఠము)



1791వ సంవత్సరము ఆగష్టు 22వ తేదీ రాత్రి కరీబియను సముద్రములోని సెన్ డొమాంగు అను ఫ్రెంచి వలసరాజ్యమున చెరకుతోటలు అంటుకొనెను. వానికి నిప్పంటించినవారు ఆ తోటలను తమ చెమటతో పెంచిన బానిసలే. ఆ రాత్రిని పురస్కరించుకొనియే యునెస్కో సంస్థ ఆగష్టు 23వ తేదీని బానిసవ్యాపార స్మారకదినముగ నిర్ణయించినది. 1998లో ఆ దినము హైతీలో జరుపబడెను. నేడు మనమును కూడితిమి. కాని మనము స్మరింపవలసిన దేమి?

బానిసత్వ నిర్మూలన మన్నంతనే దయాశీలురగు దొరల పేర్లును, పార్లమెంటు చట్టములును చెప్పుట లోకమున అలవాటైనది. ఆ మహనీయుల సేవను మేము తక్కువచేయము. న్యాయవాదులమగు మాకు చట్టము విలువ తెలియును. అయినను ఏది ముందు, ఏది వెనుక యని విచారించుట మా వృత్తిధర్మము. బ్రిటిషు పార్లమెంటు బానిసత్వమును రద్దుచేసినది 1833లో. పారిసులోని ప్రజాప్రతినిధి సభ రద్దుచేసినది 1794 ఫిబ్రవరి 4న. సెన్ డొమాంగులోని సుమారు 5 లక్షల బానిసలు అంతకు రెండేండ్ల ముందే తిరుగబడి యుండిరి. వారు లేచిన పిమ్మటనే చట్టము లేచినది.

ఇచ్చిన చట్టమును తిరిగి లాగికొనుటకు నెపోలియను పంపిన సేనలు 1802లో అచట దిగెను. సంప్రదింపులకని పిలిచి నాయకుడగు టూసాన్ లూవెర్చూరును బంధించిరి. మంచుకొండల నడుమ నొక ఫ్రెంచి కోటలో 1803 ఏప్రిల్ 7న ఆ వీరుడు కన్నుమూసెను. పొరుగు దీవియగు గ్వాడెలూపులో బానిసత్వము మరల స్థాపింపబడెనని విన్నంతనే ప్రజలు మరణమునకైన సిద్ధపడిరి. దెసలీను నాయకత్వమున 1803 నవంబరు 18న వెర్తియేరు వద్ద ఫ్రెంచి సేన ఓడిపోయెను. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రదేశ మాయెను. ఆ విజయము వెంబడి ఫ్రెంచివారిని ఊచకోత కోసిన సంగతిని మేము దాచము, సమర్థింపము. దాని నొక్కదానినే చెప్పి, అంతకుముందరి నూరేండ్ల కొరడాను మరచుట మాత్రము న్యాయము కాదు.

ఇక మా మనస్సును మిక్కిలి కలచు సంగతి. 1825లో ఫ్రెంచిరాజు పదవ చార్లెసు యుద్ధనౌకలను హైతీ రేవునకు పంపి, స్వాతంత్ర్యమును గుర్తింపవలెనన్న 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపు డనెను. ఎవరికి? తోటలను, బానిసలను పోగొట్టుకొన్న యజమానులకు! తమ దేహములకు తామే వెల కట్టవలసివచ్చెను. 1838లో మొత్తమును 9 కోట్లకు తగ్గించిరి. దానికై తెచ్చిన అప్పుల భారము 1947 వరకు ఆ దేశమును వదలలేదు. భయపెట్టి పొందిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదని మన 1872 నాటి కాంట్రాక్టు చట్టము సయితము చెప్పుచున్నది. ఫిరంగి యెదుట చేసిన సంతకమునకు ఏ న్యాయస్థానము విలువ నిచ్చును?

ఇది పరుల గాథ యని తలంపకుడు. 1835లో మారిషసున బానిసల సంకెళ్లు ఊడినవి. అచటి చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు మన కోరంగి రేవునుండి తెలుగువారు ఓడలెక్కిరి. సంకెల స్థానమున ఒప్పందపు కాగితము వచ్చినది. చెరకు అదియే, ఆశ అదియే.

2003లో హైతీ ఆ సొమ్మును తిరిగి యిమ్మని అడిగినది. 2025 ఏప్రిల్ 17న ఫ్రాన్సు అధ్యక్షుడు ఈ విషయమును పరిశీలించుటకు ఉభయదేశముల చరిత్రకారుల సంఘమును ప్రకటించెను. విచారణ మంచిదే. కాని విచారణము తీర్పు కాదు, తీర్పు చెల్లింపు కాదు.

కనుక దీపము వెలిగించి, పూలమాల వేసి యింటికి పోవుట స్మరణ కాదు. స్వాతంత్ర్యము ఒకరు పెట్టిన భిక్ష కాదని బిడ్డలకు చెప్పుదము. బాధితునిచేతనే పరిహారము కట్టించిన అన్యాయమును అన్యాయమని పలుకుదము. ఆ లెక్క సరిపడునంతవరకు ఆగష్టు 23 మనకు పండుగ కాదు, వాయిదా దినము.