రంగము నేర్పిన పాఠము

(ఒక పఠనమందిరమున చదువరుల సమావేశమునందు మేము గావించిన ఉపన్యాసము)



పరదేశములనుండి వచ్చి స్థిరపడు జనులవలన ఒక దేశపు రాజకీయములు ఎట్లు మారుననెడి ప్రశ్న నేడు లోకమున నెల్లెడల వినవచ్చుచున్నది. ఎన్నికల వేదికపై ఇంత సులభముగా చప్పట్లు తెచ్చిపెట్టు ప్రసంగము వేరొకటి లేదు. దీనిని విచారించుటకు మనము ఐరోపాకో అమెరికాకో పోనక్కరలేదు. మన తాతలు ‘రంగము’ అని పిలిచిన రంగూను పట్టణమునకు పోయిన చాలును. అచ్చట పరదేశీయులము మనమే.

నేడు మియన్మారు అని పిలువబడు బర్మాను ఆంగ్లేయులు 1824 మొదలు 1885 వరకు మూడు యుద్ధములలో కబళించి, భారతదేశమునకు ఒక రాష్ట్రముగా జతచేసిరి. 1869లో సూయజు కాలువ తెరువబడిన పిమ్మట ఐరావతీ నదీముఖమున పండెడి బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. అడవులు నరికి పొలము చేయుటకు బర్మా రైతు పూనుకొనెను. బియ్యపు మిల్లులలో పనిచేయుటకును, ఓడలకు బస్తాలు ఎత్తుటకును చౌకకూలీ కావలసెను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములలో పని దొరకని పేదవానికి మేస్త్రీ ఓడచార్జీ బదులిచ్చెను. ఆ బాకీ తీరువరకు వానిని తన గుంపున కట్టివేసెను. కోరంగి రేవు పేరిట తెలుగువానికి అచ్చట ‘కోరంగీ’ అను పేరు స్థిరపడెను. 1931 జనాభాలెక్కనాటికి బర్మాలోని 1 కోటి 46 లక్షల జనులలో భారతీయులు సుమారు 10 లక్షలు. రంగూనులోనో, 4 లక్షలలో సగమునకు మించినవారు భారతీయులే. తన రాజధానిలో తానే అల్పసంఖ్యాకుడై, అంగడిలో హిందూస్థానీ మాటలాడవలసివచ్చిన బర్మావాని మనస్సు ఎట్లుండెనో మనము ఊహింపవలదా?

1930 మే మాసమున ఆ మనస్సు అగ్నివలె బయటపడెను. రేవులో తెలుగుకూలీలు హెచ్చుకూలి కోరి పని మానిరి. యజమానులు బర్మావారిని పిలిచి వారి స్థానమున నిలిపిరి. కొన్నాళ్లకు రాజీ కుదిరినది. తెలుగువారు మరల పనిలోనికి వచ్చిరి. బర్మా కూలీలను పొమ్మనిరి. ఆ ఉదయమున పనికై వచ్చి వట్టిచేతులతో మరలవలసిన బర్మావారికిని మనవారికిని మాట పెరిగెను, కలహము ముదిరెను. వందకు పైగా జనులు ప్రాణములు కోల్పోయిరి. చచ్చినవారిలో అత్యధికులు మన కూలీలు. సమ్మెను విరచుటకు ఒకరిని పిలిచి, సమ్మె తీరగానే వారిని గెంటివేసిన యజమానికి మాత్రము చిన్న గాయమైనను తగులలేదు.

ఆ అల్లరుల వెనువెంటనే ‘దొబామా’ సంఘము పుట్టెను. బర్మా బర్మావారిదే యనుట దాని మతము. దొరలకు మాత్రమే చెల్లుచుండిన ‘తఖిన్’ అను బిరుదును ఆ సంఘపు యువకులు తామే ధరించిరి. అందుండియే తరువాతి స్వాతంత్ర్యవీరులు వెలువడిరి. అంతలో ధాన్యపు ధర పడిపోయెను. రైతులు అప్పులు తీర్పలేకపోయిరి. దిగువ బర్మాలోని ముఖ్యమైన 13 వరిమండలములలో 1930లో నూటికి 6 వంతుల భూమి చెట్టియార్లదై యుండగా, 1938 నాటికి అది నూటికి 25 వంతులాయెను. రైతు తన పొలమున తానే కౌలుదారుడయ్యెను. ఇట్టి బాధ కల్పితమని ఎవరనగలరు?

అయినను ఒక విశేషము గమనింపుడు. భారతదేశమునుండి బర్మాను విడదీయవలెనా యను ప్రశ్నపై 1932లో ఎన్నికలు జరుగగా, విభజనను వ్యతిరేకించినవారే అధికస్థానములు గెలిచిరి! భారతీయులపై ప్రేమచేత కాదు; విడిపోయినచో భారతదేశమునకు రాబోవు సంస్కరణలు తమకు దక్కవను భయముచేత. అనగా, వలసలపై ఎంత కోపమున్నను, సామాన్య బర్మీయుడు స్వపరిపాలననే ముందు కోరెను. ఐనను ప్రభువులు 1937 ఏప్రిలు 1వ తేదీన విభజన గావించిరి. శాసనసభలో భారతీయులకు ప్రత్యేకస్థానము లిచ్చి, ఒకరి ఓటు మరొకరికి అక్కరలేకుండ గోడ కట్టిరి. 1938లో మరల అల్లరులు జరిగెను. 1941లో వలసలను కట్టడిచేయు ఒడంబడిక కుదిరెను. దానిని గాంధీమహాత్ముడే అన్యాయమని ఖండించెను.

మా అభిప్రాయము ఇది: దేశ రాజకీయములను విషమయము చేయునది వలస కాదు, ఎవరినీ అడుగక నడిపింపబడిన వలస. మమ్ములను రానిత్తురా యని కోరంగీ బర్మావానిని అడుగలేదు. అడుగు దారియు వానికి లేదు. వీరిని రానిత్తురా యని ప్రభువు బర్మావానిని అడుగలేదు. లాభము కంపెనీలకు, పన్ను సర్కారుకు, కత్తిపోటు కూలివానికి. దూరమున నున్న దొరపై కోపము వచ్చినపుడు జనులు దగ్గరనున్న బీదవానినే కొట్టుదురు. ఆ కోపమును వాడుకొను నాయకుడు ప్రతిదేశమునను పుట్టును.

పరదేశి వెడలిపోయినచో ఆ రాజకీయము చల్లారునా? 1942లో జపాను సేనలు రాగా లక్షలకొలది భారతీయులు అడవులగుండ, కొండలగుండ నడచివచ్చిరి. వేలకొలది జనులు దారిలోనే రాలిరి. 1948లో బర్మా స్వతంత్రమాయెను. 1962లో సైన్యము గద్దెనెక్కి అంగళ్లను, వర్తకమును జాతీయము చేయగా మరల లక్షలమంది కట్టుబట్టలతో వచ్చిరి. విశాఖపట్టణపు కంచరపాలెమునందలి బర్మాక్యాంపు ఆ దుఃఖమునకు నేటికిని గురుతు. ఐనను అచ్చట పరదేశిని వెదకుట ఆగలేదు. 1982 శాసనము పూర్ణపౌరసత్వమునకు 1823కు ముందునుండి స్థిరపడియుండిన జాతులను ప్రమాణముగా పెట్టెను. తరతరములుగా అరకాను సీమలో బ్రతికిన రోహింగ్యాలు ఊరులేని వారైరి. 2017లో వారిలో 7 లక్షలకు పైగా బంగ్లాదేశమునకు పారిపోయిరి. పరదేశిని చూపి గద్దెనిలుపుకొన్న పాలనము, ఒక పరదేశి పోగానే మరియొకనిని సృష్టించుకొనక తప్పదు.

అట్లని తలుపులన్నియు తెరచి యుంచుడని మేమనుట లేదు. ఎవరు రావలెనో నిర్ణయించుకొను హక్కు ప్రతి దేశమునకును గలదు. ఆ నిర్ణయము ప్రజల యెదుట, శాసనమువలన జరుగవలెను. వచ్చినవానికి స్థానికునితో సమానమగు కూలి ఈయవలెను. లేనిచో వాడు స్థానికుని కూలిని తెగగొట్టు కత్తి యగును. ఉండదలచినవానికి పౌరసత్వపు మార్గము చూపవలెను. వాడును ఆ దేశపు భాషను, కష్టసుఖములను తనవిగా చేసికొనవలెను.

మన హైదరాబాదులో నేడు మేడలు కట్టువారిలో ఒడిస్సా, బీహారుల బీదలు ఎందరో కలరు. మన బిడ్డలు సముద్రములు దాటి పరదేశములలో పనిచేయుచున్నారు. వారిని ఎవరైన నిందించిన మనకు నొచ్చును. ఇచ్చట ఒక వక్త వచ్చి ‘పరాయివారు’ అని కేక వేసినపుడు, చప్పట్లు కొట్టకముందు ఒక్కమాట అడుగుడు: వీరిని పిలిచినదెవరు? వీరి చెమటవలన లాభము పొందినదెవరు? రంగము రేవులో ఆనాడు ఈ ప్రశ్న ఎవరును అడుగలేదు. అందుకే బస్తాలు మోయు ఇరువురు బీదలు ఒకరినొకరు చంపుకొనిరి.