పడినవాని మూడు దినములు

(రేడియో ప్రసంగ పాఠము)

విజయవాడలోను, కృష్ణా డెల్టా పల్లెలలోను రేడియో చుట్టూ కూర్చున్నవారికి, పొలము గట్టున వింటున్నవారికి, మరి ముఖ్యముగా దెబ్బ తగిలి మంచము మీదనుండి లేవలేక వింటున్నవారికి నా వందనములు. ఈ మాటలు ఆ చివరివారి కోసమే సిద్ధపరచుకున్నాను.

బైబిలు దగ్గరలో ఉంటే అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము తీయండి. సౌలు దమస్కుకు వెళ్తూ దారిలో నేలమీద పడిన సంగతి మీరెరిగినదే. సండే స్కూలులో చూపించిన బొమ్మ గుర్తున్నదా? గుర్రము ముందుకాళ్లు పైకెత్తి ఉంటుంది. సౌలు వెల్లకిల పడి కళ్లకు చెయ్యి అడ్డము పెట్టుకొని ఉంటాడు. ఇప్పుడు ఆ వాక్యభాగము చదవండి. గుర్రము ఎక్కడ ఉన్నది? 9వ అధ్యాయములో లేదు. పౌలు తన సాక్ష్యము తానే చెప్పిన 22వ అధ్యాయములోను, 26వ అధ్యాయములోను లేదు. వెంట ఉన్నవారు ఆయనను చెయ్యి పట్టుకొని నడిపించారని మాత్రము ఉన్నది. గుర్రమును తెచ్చినవారు చిత్రకారులు. 1601 ప్రాంతములో ఇటలీ చిత్రకారుడు కారవాజియో రోములోని ఒక దేవాలయము కొరకు వేసిన పటములో, చూడబోతే సౌలుకంటె గుర్రమే ఎక్కువ స్థలము ఆక్రమించింది!

గుర్రము ఉండి ఉండవచ్చు. దానితో నాకు తగాదా లేదు. నా బాధ వేరు. వ్రాయని గుర్రమును చేర్చుకున్నాము గాని, వ్రాసిన మూడు దినములను వదిలిపెట్టాము. మన ప్రసంగాలలో వెలుగు వస్తుంది, స్వరము వస్తుంది, సౌలు పడతాడు, మరుక్షణమే పౌలై లేచి సువార్త చెబుతాడు. లూకా అలా వ్రాయలేదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:14 ప్రకారము లూకా వైద్యుడు. అందుకే కాబోలు, పడిన మనిషి శరీరమును ఆయన మరచిపోలేదు. మూడు దినములు చూపు లేదు, అన్నము లేదు, నీళ్లు లేవు, ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప నడక లేదు.

ఈ మూడు దినముల సంగతి నాకు తెలియక జరిగినదొకటి చెబుతాను.

1983 వేసవిలో దివిసీమలోని ఒక పల్లెలో మా పెదనాన్నగారి కుమార్తె వివాహము. పెళ్లికుమారుణ్ణి బందరు నుంచి అద్దెకు తెచ్చిన గుర్రము మీద, బ్యాండు మేళముతో చర్చి వరకు ఊరేగించారు. ఆయన దిగి లోపలికి వెళ్లగానే పెళ్లికూతురి అన్న, నాకూ అన్నే, ఇరవై ఆరేళ్లవాడు, సరదాకు ఆ గుర్రము ఎక్కాడు. ఎవరో కుర్రవాడు టపాకాయల సరము అంటించాడు. గుర్రము బెదిరి లేచింది. అన్న ప్రక్కకు పడ్డాడు. కణత భాగము కాలువ తూము సిమెంటు అంచుకు తగిలింది.

గుర్రము మీద కూర్చున్నవాని తల నేలకు ఏడెనిమిది అడుగుల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తునుండి పడినవాడు ఒక నిమిషము కదలలేదు. తరువాత లేచి, చొక్కా దులుపుకొని నవ్వాడు. "ఏమీ కాలేదురా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అప్పుడు బైబిలు స్కూలు విద్యార్థిని, ప్రార్థన అంటే ముందుండేవాణ్ణి. అక్కడికక్కడే అతని భుజము మీద చెయ్యి వేసి స్తుతి ప్రార్థన చేశాను. నా చేతిక్రింద ఆ భుజము వణుకుతున్నది. చొక్కా చల్లని చెమటతో తడిసి ఉన్నది. సంతోషముతో కాబోలుననుకున్నాను.

విందులో రెండు ముద్దలు తిని తలనొప్పి అన్నాడు. వాంతి చేసుకున్నాడు. వేపచెట్టు క్రింద మంచము వేశారు. "డాక్టరును పిలిపించమంటావా నాయనా?" అని పెద్దమ్మ నన్నే అడిగింది, చదువుకున్నవాణ్ణి నేనే గనుక. "ఎండకు అలసిపోయాడు పెద్దమ్మా, పడుకోనివ్వండి" అన్నాను. అర్ధరాత్రి గురక మారింది. లేపితే లేవలేదు. టార్చిలైటు వేసి చూస్తే ఒక కనుపాప పెద్దదై ఉన్నది. కారు దొరికేసరికి తెల్లవారుజామైంది. విజయవాడకు బయలుదేరాము. ఉయ్యూరు చేరేలోపే అన్న మాకు దక్కకుండా పోయాడు.

చాలా ఏళ్ల తరువాత మా సంఘములోని ఒక డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి, ఆ సాయంత్రము ఆ శరీరములో ఏమి జరిగి ఉంటుందో వివరించారు.

మనిషి పడగానే, మూత్రపిండముల పైన టోపీల వలె ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే రసాయనమును రక్తములోకి వదులుతాయి. గుండె వేగము పెరుగుతుంది. చర్మములోని రక్తనాళములు ముడుచుకొని ముఖము పాలిపోతుంది, చల్లని చెమట పడుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి. మెదడు తానే నొప్పిని అణచే పదార్థములను విడుదల చేస్తుంది. అందుచేత ఎముక విరిగినవాడు సహా లేచి నాలుగడుగులు నడిచి "ఏమీ కాలేదు" అనవచ్చు. అతడు అబద్ధమాడుట లేదు. అతని శరీరము ఆ వార్త అతనికి ఇంకా చెప్పలేదు, అంతే. నేను స్తుతి ప్రార్థన చేసినది ఆ గడియలోనే.

కణత దగ్గర పుర్రె ఎముక పలుచన. దానికి లోపలివైపు ఆనుకొని ఒక రక్తనాళము పోతుంది. ఎముక చిట్లి అది తెగితే, రక్తము పుర్రెకు, మెదడు పై పొరకు మధ్య చేరుతుంది. మొదట మనిషి తేరుకొని బాగానే మాట్లాడతాడు, నవ్వుతాడు. గంటలు గడిచేకొద్దీ ఆ రక్తము మెదడును నొక్కుతుంది. వేళకు ఆపరేషను జరిగితే బ్రతికేవారు అనేకులు. పెద్ద వయసువారిలో మరొక విధమైన రక్తస్రావము మెల్లగా కారి, పడిన రెండు మూడు వారాలకు బయటపడటము కూడ ఉన్నది. తాతగారు బాత్రూములో జారిన సంగతి అప్పటికి ఇంట్లో అందరూ మరచిపోయి ఉంటారు.

కాబట్టి, తల్లులారా, తలకు దెబ్బ తగిలినవాడు మళ్లీ మళ్లీ వాంతి చేసుకుంటున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, చెప్పినదే చెబుతున్నా, ముక్కులోనుండి చెవిలోనుండి నీరువంటిది కారినా, మత్తుగా ఉండి లేపితే లేవకపోయినా, అది అలసట కాదు. మా కాలములో కారు కోసము ఊరంతా తిరిగాము. 2005 నుంచి మన రాష్ట్రములో 108 ఉన్నది. ప్రార్థన చేయండి, అయితే ఫోను చేసిన తరువాత చేయండి.

ఇప్పుడు మన డెల్టాలో గుర్రము ఎక్కేవారు ఎందరు? పెళ్లి ఊరేగింపులలో తప్ప కనబడరు. తాటిచెట్టు మీదనుండి జారే గీత కార్మికుడు, వాము మీదనుండి పడే కూలి, కాలువ కట్ట మీద మోటారుసైకిలు నుండి ఎగిరిపడే కుర్రవాడు, వీరే మన గుర్రపు రౌతులు. మెడకు తగిలే దెబ్బ మాత్రము అందరికీ ఒక్కటే. సూపర్‌మ్యాన్ సినిమాలలో నటించిన క్రిస్టఫర్ రీవ్ 1995 మే నెలలో అమెరికాలో ఒక గుర్రపు పోటీలో తలక్రిందుగా పడ్డాడు. మెడలోని మొదటి రెండు ఎముకలు దెబ్బతిని, వెన్నుపాము పనిచేయక, మెడ క్రింది శరీరమంతా చచ్చుబడింది. 2004లో మరణించేవరకు చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. మనవారు పడినవానిని చూడగానే ప్రేమతో పరుగెత్తి, చంకల క్రింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టి, నోట్లో నీళ్లు పోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వాహనములు వచ్చే చోటు కాకపోతే పడినచోటనే ఉంచి, తల అటు ఇటు తిరుగకుండ రెండు చేతులతో పట్టుకొని, సహాయము వచ్చేవరకు మాట్లాడుతూ ఉండండి. చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నవేమో అడగండి. త్రోయలో మూడవ అంతస్తునుండి పడిన ఐతుకును పౌలు కౌగిలించుకున్నాడు కదా అని ఒక సహోదరుడు నన్ను అడిగాడు. అయ్యా, పౌలుకు ఆ వరమున్నది, మీకూ నాకూ 108 ఉన్నది.

ప్రాణాపాయము లేదని డాక్టరు చెప్పిన తరువాత సంగతికి వస్తాను. సంఘముగా మనము తప్పిపోయేది ఇక్కడే. పడిన దినముకంటె రెండవ దినము, మూడవ దినము కండరముల నొప్పి ఎక్కువవుతుంది. మంచము మీద ప్రక్కకు తిరుగుట కష్టము. కమిలినచోటు నల్లబడి, తరువాత ఆకుపచ్చ, పసుపు రంగులకు మారి రెండు వారాలకు గాని పోదు. కళ్లు మూస్తే పడిన క్షణమే మళ్లీ వస్తుంది. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతారు. ఆకలి ఉండదు. ఇది అవిశ్వాసము కాదు, శరీరము తన పని తాను చేసుకుంటున్నది.

నిరుడు మా సంఘములో ఒక సహోదరి, కంకిపాడు నుండి భర్తతో మోటారుసైకిలు మీద వస్తుండగా చీర కొంగు చక్రములో చుట్టుకొని పడింది. స్కానింగులో లోపల దెబ్బలేమీ లేవని తేలింది. వచ్చిన ఆదివారమే పెద్దలు ఆమెను ముందుకు రమ్మన్నారు, సాక్ష్యము చెప్పమన్నారు. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతున్నది. "క్షమించండి, నాకు విశ్వాసము తక్కువ" అని ఏడ్చింది. ఆ వణుకు నేను ఎరుగుదును. 1983లో నా చేతిక్రింద ఉన్నది అదే. మైకు తీసుకొని, ఆమెను కూర్చోబెట్టి, దమస్కు చదివాను. తిన్ననిదనబడిన వీధిలో, యూదా ఇంటిలో, మూడు దినములపాటు ఎవరూ సౌలును సాక్ష్యము అడగలేదు. అననీయ వచ్చి చేతులుంచాడు, సహోదరుడా అని పిలిచాడు. చూపు వచ్చింది, బాప్తిస్మము అయినది, ఆ తరువాత ఆహారము తీసుకొని బలపడినాడని 19వ వచనములో ఉన్నది. ప్రసంగము చేసినది ఆ తరువాతే.

ఆ వారమంతా మా సంఘ స్త్రీలు వంతులవారీగా ఆమె ఇంటికి క్యారియరు పంపారు. ఎవరినీ ప్రశ్నలు అడగవద్దన్నాను. పదకొండవ దినమున ఆమె నాకు ఫోను చేసింది. "అయ్యగారూ, ఈ వేళ పప్పు, అన్నము తిన్నాను. ఇంకొంచెము కావాలని నేనే అడిగి వేయించుకున్నాను."