ఇర్రం మంజిల్ చెప్పే పాఠం
(కేసముద్రంలో చేసిన ప్రసంగ పాఠం)



కేసముద్రంలో కూర్చుని హైదరాబాదులోని ఒక నవాబు మేడను గురించి మాట్లాడుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ మేడ కథలో మన మసీదుకు, మన కబరస్తానుకు పనికివచ్చే పాఠమొకటి ఉన్నది.

ఇర్రం మంజిల్‌ను నిజాం ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించారు. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవారట. ఆ తెలుగు మాటకు దగ్గరగా ఉండేటట్టు, స్వర్గవనమనే అర్థం వచ్చే ‘ఇరం’ అన్న పేరును నవాబు ఎంచుకున్నారని చెబుతారు. మన ఇళ్లలోని మాటల వలెనే ఆ పేరులోనూ రెండు భాషలు కలిసిపోయాయి.

దర్బారు వైభవం చూసిన ఆ మేడ తరువాతి కాలంలో ప్రభుత్వపరమై, ఇంజనీర్ల కార్యాలయాలకు నెలవైనది. 2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం దానిని కూల్చి కొత్త శాసనసభ భవనం కట్టాలని నిర్ణయించింది. 27న శంకుస్థాపన కూడా జరిగింది. నవాబు వారసులు, వారసత్వ ప్రేమికులు హైకోర్టుకు వెళ్లారు. వారిలో ముస్లింలూ ఉన్నారు, ముస్లిమేతరులూ ఉన్నారు. వారసత్వ కట్టడాల నియమాన్ని 2015లోనే తొలగించామని ప్రభుత్వం వాదించింది. ఆ ఒక్క నియమం పోయినంత మాత్రాన చట్టరక్షణ పోదని తేల్చి, సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

గమనించండి. మంత్రి కట్టించిన మేడను కాపాడినది మంత్రిగారి పలుకుబడి కాదు. వారసత్వ జాబితాలో దాని పేరు ఉండడం, ఆ పేరు పట్టుకుని అడిగేవారు ఉండడం కాపాడాయి. ఉద్యోగకాలమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమస్తాగా చెబుతున్నాను: కాగితం లేని హక్కు కచేరీలో గొంతు లేని మనిషి వంటిది.

ఇర్రం మంజిల్ వక్ఫ్ ఆస్తి కాదు. మన మసీదులు, ఈద్గాలు, కబరస్తానులు వక్ఫ్ ఆస్తులు. తరతరాలుగా వాడుకలో ఉన్నది గనుక వక్ఫే అనే వాదనకు 2025 సవరణ చట్టం ఇకమీదట చోటు లేకుండా చేసింది. తాతల నాటి నుంచి నమాజు చేస్తున్నామన్న మాట ఒక్కటే చాలని ఊరుకోరాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, వక్ఫ్ గెజిట్ నమోదు, పహాణీ నకలు, ఇవన్నీ ఒక ఫైలులో చేర్చాలి. చదువుకున్న మన ఆడపిల్లలూ, మగపిల్లలూ ఈ పనికి ముందుకు రావాలి.

రాబోయే జుమా నమాజు తరువాత పదిమందిమి కూర్చుని మొదటి ఫైలు తెరుద్దాం. కూల్చివేత నోటీసు వచ్చిన నాడు కాగితాలు వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.