స్టిక్కరే కదా మేడమ్!

ఈ ఎపిసోడ్‌లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల మధ్య జరిగే వేధింపుల గురించి మాట్లాడుకుందాం. స్కూల్లో జరిగేదీ, ఫోన్‌లో జరిగేదీ. ఈ రెండూ వేరువేరు అనుకుంటాం గానీ, పిల్లలకి మాత్రం రెండూ ఒకటే.

ముందు ఒక చిన్న మాట. ఇంగ్లీషులో దీన్ని బుల్లీయింగ్ అంటారు. సరిగ్గా ఆ అర్థం ఇచ్చే మాట మనకి లేదు. ర్యాగింగ్ అంటే మనకి కాలేజీ గుర్తొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది కాబట్టి ఆ మాటకి కాస్తో కూస్తో భయం ఉంది. స్కూల్ పిల్లల విషయానికొస్తే మాత్రం మనం వాడేది "ఏడిపించడం", "ఆటపట్టించడం". బావామరదళ్లు సరదాగా ఏడిపించుకుంటే అదే మాట. పది మంది కలిసి ఒక పిల్లాణ్ణి బడి మానేసేదాకా తరిమినా అదే మాట. అందుకే పిల్లలు ఇంటికొచ్చి "అమ్మా, నన్ను ఏడిపిస్తున్నారు" అంటే, మనకి ఆ మొదటి అర్థమే చెవికెక్కుతుంది. "పోన్లేరా, నువ్వూ ఏదో ఒకటి అను" అనేసి కుక్కర్ దగ్గరికి వెళ్లిపోతాం.

మరి ఏది సరదా, ఏది వేధింపు? దీని మీద మొదట గట్టిగా పనిచేసినాయన డాన్ ఓల్వేయస్. నార్వేలో 1982లో ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటివాళ్ల వేధింపులే దానికి కారణమై ఉంటాయని దేశమంతా కలవరపడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం అన్ని స్కూళ్లలో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఓల్వేయస్ బెర్గెన్ నగరంలో దాన్ని నడిపించాడు. వేధింపుకి ఆయన చెప్పిన గుర్తులు మూడు. బాధపెట్టాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి మధ్యా బలంలో తేడా ఉండటం.

బలం అంటే కండలు అనుకోకండి. మన స్కూళ్లలో బలం రకరకాలుగా ఉంటుంది. ఇంగ్లీషు బాగా రావడం ఒక బలం. రంగు ఒక బలం. కులం ఒక బలం, ఇది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. శ్రీకాకుళం నుంచి వచ్చి విజయవాడ హాస్టల్లో చేరిన పిల్లాడు నోరు తెరవగానే పక్క మంచం మీదవాడు ఆ యాసని దింపేస్తాడు, గదంతా నవ్వుతుంది. ఇక తండ్రి పేరు పెట్టి పిలవడం మన బళ్లలో తరతరాలుగా ఉన్నదే. ఎందుకో గానీ అటెండెన్స్ రిజిస్టర్లో నాన్న పేరు బయటపడితే చాలు, ఆ రోజు నుంచి వాడి పేరు అదే! ఇద్దరూ ఒకళ్ల నాన్న పేరు ఒకళ్లు పెట్టి పిలుచుకుంటే అది ఆట. ఒక్కడినే నలభై మంది పిలుస్తూ, వాడు తిరిగి అనలేకపోతే అది ఆట కాదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఈ మధ్య ఒక తల్లి నా దగ్గరికొచ్చారు. వాళ్లబ్బాయి తొమ్మిదో తరగతి. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపునొప్పి. సోమవారం స్కూల్‌కి వెళ్లనంటాడు. స్కానింగ్ కూడా తీయించారు, ఏమీ లేదన్నారు. విషయం బయటపడటానికి రెండు నెలలు పట్టింది.

జరిగింది ఇదీ. పీఈటీ పీరియడ్‌లో ఈ అబ్బాయి పరిగెడుతూ పడ్డాడు. మోకాలు చీరుకుపోయి నోరు తెరిచి ఏడ్చాడు. అప్పుడెవరో ఫొటో తీశారు. వెనకాల గ్రౌండ్ అంతా తీసేసి, వాడి ముఖం ఒక్కటే ఉంచి, వాట్సాప్ స్టిక్కర్ చేశారు. క్లాస్ గ్రూప్‌లో పెట్టారు. ఇక అక్కణ్ణుంచి ఎవరికి హోంవర్క్ రాకపోయినా ఆ స్టిక్కర్, ఇండియా మ్యాచ్ ఓడిపోయినా ఆ స్టిక్కర్. బి సెక్షన్‌కి వెళ్లింది. ట్యూషన్ గ్రూప్‌కి వెళ్లింది. చివరికి వాడి తమ్ముడి క్లాస్‌లోకి కూడా వెళ్లింది. ఆ తమ్ముడు ఇంటికొచ్చి, "అన్నయ్యా, నువ్వు మా గ్రూప్‌లో ఉన్నావు" అన్నాడట.

పంపిన పిల్లల్ని నేను ఒక్కొక్కరినీ అడిగాను. అందరిదీ ఒకటే జవాబు. "స్టిక్కరే కదా మేడమ్! నేను ఒక్కసారే పంపాను." వాళ్లు అబద్ధం చెప్పట్లేదండీ. నిజంగానే చాలామంది ఒక్కసారో రెండుసార్లో పంపారు. కానీ అటువైపు వాడికి వచ్చింది కొన్ని వందల సార్లు. ఓల్వేయస్ చెప్పిన "మళ్లీ మళ్లీ" అనేది ఇక్కడ వేధించేవాడు చేయక్కర్లేదు. వాడు ఒకసారి చేసి వదిలేస్తే చాలు, మిగతాది చూసేవాళ్లు చేసిపెడతారు. మన కాలంలో సాయంత్రం బెల్లు కొడితే ఎంత ఏడిపించినా ఆ రోజుకి అయిపోయేది. ఇప్పుడు ఆ బెల్లు లేదు.

ఆ తల్లి నన్ను అడిగింది స్టిక్కర్ గురించి కాదు. "రెండు నెలలు నాకెందుకు చెప్పలేదు? నేనేం తిడతానా, కొడతానా?" అని అడిగారు. నిజానికి నాకు ఇదే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

నేను ఏ స్కూల్‌కి వెళ్లినా పిల్లలకి తెల్ల చీటీలు ఇచ్చి, పేరు రాయకుండా, "ఇలాంటిది జరిగితే ఇంట్లో ఎందుకు చెప్పరు?" అన్నదానికి జవాబు రాయమంటాను. ఎక్కువగా కనిపించే జవాబు, "ఫోన్ తీసేసుకుంటారు." దాని తర్వాత "నువ్వేం చేశావో ముందు చెప్పు అంటారు", "స్కూల్‌కొచ్చి గొడవ చేస్తారు, అప్పుడు ఇంకా ఎక్కువ ఏడిపిస్తారు" అని ఉంటాయి. ఆడపిల్లల చీటీల్లో ఇంకొకటి కనిపిస్తుంది. "చదువు మాన్పిస్తారు." ఒక అమ్మాయి ముఖాన్ని వేరే ఫొటోకి అతికించి బెదిరించేవాడికి ఆ ఒక్క భయం చాలు. వాడి పెట్టుబడే అది. "మీ నాన్నకి పంపిస్తా" అన్న మాటకి ఆ పిల్ల వణికిపోతోందంటే, వాణ్ణి చూసి కాదు, మనల్ని చూసి.

కాబట్టి పిల్లలు వచ్చి చెప్పిన మొదటి పది నిమిషాల్లో మనం ఏం చేస్తామో చూసే, రెండోసారి చెప్పాలా వద్దా అని తేల్చుకుంటారు. ఆ పది నిమిషాలు వినండి. "చెప్పి మంచి పని చేశావు" అనండి. ఫోన్ లాక్కోకండి. దెబ్బ తిన్నవాడి ఫోనే లాక్కుంటే శిక్ష ఎవరికి పడినట్టు? పైగా సాక్ష్యం అంతా అందులోనే ఉంది.

సాక్ష్యం అన్నాను కదా. కంగారులో గ్రూప్ డిలీట్ చేసేయకండి. స్క్రీన్‌షాట్ తీయండి, పంపినవాళ్ల పేరో నంబరో, తేదీ, టైము కనబడేలా. చూడగానే మాయమయ్యే మెసేజ్ అయితే ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ తర్వాత బ్లాక్ చేయొచ్చు, రిపోర్ట్ కొట్టొచ్చు. తిరిగి బూతులు మాత్రం పంపొద్దని చెప్పండి, ఎందుకంటే రేపు స్కూల్లో ఇద్దరి స్క్రీన్‌షాట్లూ బల్ల మీదకొస్తాయి. అలాగే రాత్రి పదకొండింటికి క్లాస్ గ్రూప్‌లో మీరు వార్నింగ్ ఇవ్వకండి. ఒక నాన్నగారు అలాగే ఇచ్చారు, పెద్ద పెద్ద అక్షరాలతో. మర్నాడు పొద్దునకల్లా ఆ వార్నింగ్ కూడా స్టిక్కర్ అయింది.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పిల్లల నగ్న ఫొటోలూ, అలా మార్ఫ్ చేసిన ఫొటోలూ అయితే, "సాక్ష్యం కోసం" అని మామయ్యకీ బాబాయికీ ఫార్వర్డ్ చేయకండి. ఐటీ చట్టం 67బి ప్రకారం పిల్లల అశ్లీల చిత్రాలని పంపడమే నేరం. పోక్సో చట్టం కూడా వర్తించవచ్చు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఈ రకం ఫిర్యాదుల్లో పేరు చెప్పకుండా ఇచ్చే వీలు కూడా ఉంది. "టేక్ ఇట్ డౌన్" అని పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కోసం ఒక ఉచిత సేవ ఉంది, అమెరికాలోని ఒక సంస్థ నడుపుతోంది. అందులో మన ఫొటో ఎక్కడికీ వెళ్లదు. ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి ఆ కోడ్‌తో వెతికి ఫొటోని తీసేస్తాయి.

మరి స్టిక్కర్‌కి పోలీస్ కేసు పెట్టొచ్చా అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో నొప్పించే మాట ఏది రాసినా కేసు పెట్టేందుకు వీలున్న 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. నా ఉద్దేశంలో అది మంచి తీర్పే. బెదిరింపు, అశ్లీలం, వేరేవాళ్ల పేరుతో దొంగ అకౌంట్, వీటికి చట్టం ఉంది. కానీ పిల్లల మధ్య జరిగేవాటిలో ఎక్కువ భాగం అంతదాకా వెళ్లవు. వాటిని తేల్చాల్సింది స్టేషన్ కాదు, స్కూలు.

స్కూల్‌కి వెళ్తే ఏమంటారు? "ఇది ఇళ్లల్లో, ఫోన్లలో జరిగింది, మాకేం సంబంధం?" అంటారు. చాలాచోట్ల విన్నాను ఈ మాట. స్టిక్కర్ చేసినవాడూ, స్టిక్కర్ అయినవాడూ పొద్దున్నే పక్కపక్క బెంచీల్లో కూర్చుంటున్నారండీ, సంబంధం లేకపోవడమేంటి! ఇంకొన్ని స్కూళ్లు మరీ ఉత్సాహంగా ఇద్దర్నీ స్టాఫ్ రూమ్‌కి పిలిచి, "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి, ఫ్రెండ్స్ అయిపోండి" అంటాయి. ఇద్దరూ సమానంగా కొట్టుకుంటే అది సరే. బలంలో తేడా ఉన్నచోట ఆ షేక్‌హ్యాండ్ ఇంకో అవమానం. ఎవరితో వాళ్లకి విడిగా మాట్లాడాలి.

ఈ విషయంలో ఫిన్లాండ్‌వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. టుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా సాల్మివల్లి అనే ఆవిడ బృందం "కివా" అనే కార్యక్రమం తయారుచేసింది. 2009 నుంచి దేశమంతా పెట్టారు. వాళ్ల లెక్కలో ముఖ్యమైనవాళ్లు చూసేవాళ్లు. వేధించేవాడికి నవ్వేవాళ్లు కావాలి. ఆ నవ్వు ఆగితే వాడికి పని లేదు. అందుకని టీచరు వేధించినవాళ్లతో మాట్లాడటంతో పాటు, క్లాస్‌లో అందరూ ఇష్టపడే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి, "వాడికి తోడుగా ఉంటారా?" అని అడుగుతారు. ఇది పనిచేస్తుందా అంటే, కెనడాలో పరిశోధకులు ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. తోటి పిల్లలు అడ్డుపడ్డ సందర్భాల్లో సగానికి పైగా, 57 శాతం, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. కాకపోతే అడ్డుపడటమే చాలా తక్కువ, ప్రతి ఐదింటిలో ఒకటి కూడా లేదు.

మన అబ్బాయి విషయంలో మేము చేసింది కూడా దాదాపు అదే. క్లాస్ టీచర్ మంచావిడ, వాళ్ల క్రికెట్ టీమ్ కెప్టెన్‌ని పిలిచి విషయం చెప్పారు. వాడు ఆ రాత్రి గ్రూప్‌లో ఒక్క ముక్క రాశాడు. "ఇక ఆ స్టిక్కర్ వద్దు రా, బాలేదు." అంతే. కొందరు ఆపేశారు, కొందరు తమ ఫోన్లలోంచి తీసేశారు. పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. ట్యూషన్ గ్రూప్‌లో అప్పుడప్పుడూ ఇంకా వస్తూనే ఉంది. అబ్బాయి స్కూల్‌కి వెళ్తున్నాడు, పీఈటీ పీరియడ్‌లో మాత్రం పక్కన కూర్చుంటున్నాడు.

స్టిక్కర్ చేసినవాడి గురించి రెండు మాటలు. వాడూ పద్నాలుగేళ్ల పిల్లాడే. వాళ్ల నాన్న "మావాడు అలాంటివాడు కాదండీ" అన్నారు, విషయం తెలిశాక బెల్టు తీశారు. రెండూ పనికిరావు. వాడితో చేయించాల్సింది, తన ఫోన్‌లోంచి అది తీసేయడం, ఎక్కడెక్కడ పెట్టాడో అక్కడ డిలీట్ చేయడం, పంపొద్దని తనే రాయడం. అది వాడికి బెల్టు దెబ్బల కన్నా కష్టంగానే అనిపించింది.

నంబర్లు రాసుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, పిల్లలే నేరుగా చేయొచ్చు. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్, 14416, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా. "చచ్చిపోవాలనిపిస్తోంది" అని మీ పిల్లలు అంటే వచ్చే ఎపిసోడ్ దాకా ఆగకండి, వెంటనే చేయండి, పిల్లల్ని ఒంటరిగా వదలకండి. వచ్చేసారి హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లల మొదటి నెల గురించి మాట్లాడదాం. ఉంటానండీ.