మహేంద్రగిరి యాత్ర: ఇరువురు మనుష్యులు, రెండు కుక్కలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్వాంసులు పలువురు సభలో నుండగా నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను సహకార సంఘమున జమాఖర్చులు వ్రాసికొనువాడను. బడిలో నేర్చినవి కూడికలు, తీసివేతలు. భారత భాగవతములు నేర్చినది ఈ గ్రంథాలయపు బల్లమీదనే. అందుచేత ఈ సంస్థకు నేను పడిన బాకీలో కొంతయైనను నేడు చెల్లువేయ దలచితిని.

ఇట్టి సభలలో పుస్తకములనుగూర్చి పలుకుట ఆచారము. నేను ఒక పర్వతమునుగూర్చి పలుకబోవుచున్నాను. అయినను ఈ వృత్తాంతము పుట్టినది పుస్తకమునందే.

శనివారము సాయంకాలములందు ఈ వసారాలో భారతము చదివి అర్థము చెప్పుట నాకు అలవాటు. వినవచ్చువారిలో నా బాల్యమిత్రుడొకడు కలడు. గొఱ్ఱెల మంద అతని వృత్తి. అక్షరజ్ఞానము లేదు గాని విన్న కథను మరచుట యెఱుగడు. అతడు స్తంభమునకు జేరగిలబడి కూర్చుండును. అతని ముసలి నల్లకుక్క క్రింది మెట్టుమీద పండుకొనును. దాని ప్రక్కను మరియొక గోధుమవన్నె కుక్క యుండును. అది యెవ్వరిదియు కాదు, ఊరందరిదియు.

ఒకనాడు తిక్కన సోమయాజి తెనిగించిన మహాప్రస్థానిక పర్వము చదువుచుంటిమి. పాండవు లేవురు, ద్రౌపది, పిలువకయే వెంటవచ్చిన కుక్క, ఏడుగురు ఉత్తరదిక్కునకు సాగిపోవుచుండిరి. మొదట ద్రౌపది, పిదప సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా నేలకొరగిరి. ధర్మజుడు వెనుదిరిగి చూడలేదు. తుదకు ఇంద్రుడు రథము తెచ్చి యెక్కుమనగా, కుక్కను విడిచి రానని నిలిచిపోయెను. ఇచ్చట నా మిత్రుడు చేయెత్తి యాపి, "బావా, పెళ్ళాం పడిపోతే ఆగలేదు, తమ్ముళ్ళు పడిపోతే ఆగలేదు. కుక్క కోసం ఆగిపోయాడు. ఇదేటి ధర్మం?" అని యడిగెను.

ఈ ప్రశ్నను ఇంద్రుడును అడిగెనని చెప్పితిని. మరణించినవారిని బ్రదికించుట తన వశము కాదనియు, ప్రాణములుండగా తాను వారిని విడువలేదనియు, ఆశ్రయించిన జీవిని విడుచుట మహాపాతకములతో సమానమనియు ధర్మజుడు పలికిన యుత్తరమును వినిపించితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "అది రాజుగారి జవాబు బావా, నాకింకా ఆనలేదు" అనెను. నాకును వేరు సమాధానము తోచలేదు. పుస్తకము మూసితిని.

తరువాత 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుపాను మన యుద్దానముపై విరుచుకొనిపడెను. తరతరముల కొబ్బరితోటలు ఒక్కపూటలో నేలమట్టమగుట మీరందరును కన్నులార చూచినవారే. ఆ రాత్రి నా మిత్రుని దొడ్డి పందిరి గాలికెగిరిపోయెను. బెదరిన గొఱ్ఱెలను నల్లకుక్క చెదరనీయక చెఱువుగట్టు మాటునకు తోలి, తెల్లవారువరకు చుట్టు తిరుగుచు కాచినది. ప్రొద్దు పొడిచిన వెనుక అతడు పోయి చూడగా మంద దక్కియున్నది. అప్పుడే అతడు శివరాత్రికి మహేంద్రగిరి యెక్కెదనని మ్రొక్కుకొనెను. తోడుగా నన్ను రమ్మనెను.

మహేంద్రగిరి మన యెఱిగిన కొండయే. వానలు వెలసిన ఉదయములందు మన యూరి పొలిమేరనుండి నీలముగా కనబడును. అది ఒడిశా రాష్ట్రమున గజపతి జిల్లాలో నున్నది. సముద్రమట్టమునకు 1,501 మీటర్ల ఎత్తు, అనగా అయిదువేల అడుగులకు ఇంచుక తక్కువ. బారువకడ కడలిలో కలియు మహేంద్రతనయానది పుట్టినది ఆ గిరియందే. రఘువు దిగ్విజయమున మహేంద్రనాథుని జయించెనని కాళిదాసు వర్ణించెను. ఆ శిఖరమందలి గోకర్ణస్వామిని తమ కులదైవముగా కళింగ గాంగరాజులు తామ్రశాసనములందు స్తుతించిరి. చోళుల శాసనమును అచ్చట కలదు. అరణ్యపర్వమున ధర్మరాజు తీర్థయాత్ర చేయుచు ఆ కొండకు వచ్చి, చతుర్దశినాడు పరశురాముని దర్శించెను. కొండమీది పురాతన దేవాలయములను నేటికిని భీముని పేరను, కుంతి పేరను, యుధిష్ఠిరుని పేరను పిలుచుచున్నారు.

2019వ సంవత్సరము మార్చి 4వ తేది సోమవారము మహాశివరాత్రి. తెల్లవారక మునుపే సవరల పల్లె యొకటి దాటి కొండకాలిబాట పట్టితిమి. బండ్లు పోవు దారి వేరొకటి కలదు గాని మ్రొక్కు కాలినడకది. కుక్కలను మేము పిలువలేదు. నల్లది యజమాని వెంట వచ్చినది, గోధుమవన్నెది నల్లదాని వెంట వచ్చినది.

కుక్క కొండయెక్కుట యేమని నవ్వువారుందురు. స్విట్జర్లాండు దేశమున చింగెల్ అను కుక్క యొకటి యుండెను. దానిని క్రిస్టియన్ ఆల్మర్ అను మార్గదర్శి 1868లో కూలిడ్జ్ అను యువకునకిచ్చెను. కూలిడ్జ్‌తోను, అతని తల్లి సోదరితోను అది మంచుకొండలనేకము లెక్కి, 1875లో మాంట్ బ్లాంక్ శిఖరమును సయితము చేరినది. తిత్లీ వచ్చిన మరుసటి మాసమున, అనగా 2018 నవంబరులో, నేపాళమున ఒక ఊరకుక్క పర్వతారోహకుల వెంటబడి 7,129 మీటర్ల బరుంత్సే శిఖరము నెక్కినది. దానికి వారు మేరా యని పేరు పెట్టిరి. దానినిగూడ ఎవ్వరును పిలువలేదు. పిలువని కుక్క మనుష్యుని వెంట హిమాలయమెక్కుట వ్యాసుని కల్పన మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

మొదటి రెండు భాగములు సులభముగా గడచినవి. పిదప నిట్రముగా నెగసిన రాతిచఱియ యొకటి యడ్డుపడినది. చేతులతో రాళ్ళు పట్టుకొని, మోకాళ్ళూని ప్రాకవలసివచ్చెను. గోధుమవన్నెది మేకపిల్లవలె దుమికిపోయెను. నల్లకుక్క రెండుమార్లు జారి, మూడవమారు ఎక్కెను గాని, ముంగాలి అఱ చీలి రాతిమీద నెత్తుటిజాడ యేర్పడెను. మిత్రుడు తలగుడ్డ చించి కట్టు కట్టెను. వెనుకనుండి వచ్చుచున్న యాత్రికులు కొందఱు, "దానిని చెట్టుకు కట్టి పొండు, దిగునప్పుడు విప్పుకొనవచ్చును" అని హితవు చెప్పిరి. అది ఎలుగుబంట్లు తిరుగు కొండ. కట్టివేసిన కుక్క పరుగెత్తనైనను లేదు. దర్శనము వేళ మించుచున్నది. పైకి పోవుదమా, దిగిపోవుదమా యని నేను విచారించుచుండగనే, అతడు కుంటిగొఱ్ఱెను మోయు రీతిని కుక్కను మెడచుట్టు వేసికొని లేచెను.

నూటయేబది అడుగులకొకసారి మోపు మార్చుకొందమని ఒడంబడిక చేసికొంటిమి. లెక్క వ్రాయువాని అలవాటు చొప్పున లెక్కించుచు పోయితిని. ముప్పదియాఱు మార్పులైనవి. మొదట వంతులు సరిగానే యుండెను. నాకు ఆయాసము హెచ్చినకొలది అతని వంతున నూటయేబది యెంతకును పూర్తికాలేదు. నేను రెండువందలు దాటెనన్నను, "ఇంకా కాలేదు బావా" యనుచుండెను. ప్రతిసంజ మందను లెక్కించి దొడ్డి మూయువానికి అంకెలు రావని యెవరనగలరు!

శిఖరము చేరుసరికి మధ్యాహ్నము దాటినది. పచ్చికబయలు, చలిగాలి, నల్లరాతి గుళ్ళు. తూర్పున బంగాళాఖాతము వెండిరేకువలె మెఱయుచుండెను. తీరమువెంబడి పడిపోయిన తోటలతో మన యుద్దానము పరచుకొనియుండెను. అంత యెత్తునుండి చూచినప్పుడు మన నష్టము ఎంత పెద్దదో, దానిమీద మరల మొక్కలు నాటుచున్న మనుష్యుడు ఎంత చిన్నవాడో, ఒక్కసారిగా తెలిసినది.

గుడివాకిట మరల చిక్కు వచ్చెను. కుక్కలను లోనికి కొనిపోరాదు. గాయపడినదానిని ఆ జనములో విడువరాదు. నేను, "మ్రొక్కు నీది, నీవు ముందు పోయి రమ్ము" అని నల్లకుక్కను ఒడిలో పెట్టుకొని కూర్చుంటిని. గోధుమవన్నెది నా పాదములకడ పండుకొనెను. అతడు దర్శనము చేసికొని విభూతితో వచ్చి కుక్క నుదుట ఇంత రాచెను. పిదప అతడు కూర్చుండెను, నేను పోయివచ్చితిని.

తిరిగి వచ్చిన నన్ను చూచి అతడు నవ్వి, "బావా, ఆ కతకి జవాబు దొరికింది. ధర్మరాజు ఒక్కడే మిగిలిపోయాడు, అందుకే అంత పేచీ వచ్చింది. తలుపు కాడ ఇద్దరుంటే పేచీయే లేదు. ఒకడు లోపలికెళ్తే ఒకడు కుక్కని పట్టుకుంటాడు" అనెను.

సోదరులారా, నేను ఆ పర్వమును పలుమారులు చదివితిని. ధర్మజుని దృఢత్వమును చూచితిని, అతని పరీక్షను చూచితిని. అతని ఒంటరితనమును చూడలేదు. తమ్ములలో ఒక్కడు మిగిలియున్నను ఆ రాజునకు అంత కష్టము లేకపోవునుగదా! పుస్తకము ధర్మమేమో చెప్పినది. ఆ ధర్మమును మోయుటకు రెండవ భుజము కావలెనని అక్షరములెఱుగని మిత్రుడు చెప్పెను.

ఇక గ్రంథాలయమునుగూర్చి నేను చెప్పదలచినది ఒక్కటియే. ఇరువదియైదేండ్లుగా ఇచ్చటికి వచ్చి చదువుకొని పోవువారము మనము చందాదారులము. వాకిట మెట్లమీద కూర్చుండి వినువారు, వినుటకైనను సంకోచించి వీథిలో నిలుచువారు, ఏ పట్టికలోను లేరు. జమాఖర్చులు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: పట్టికకెక్కని ఆస్తియే మన సంస్థకు పెద్ద ఆస్తి. ప్రతి చందాదారుడును వారమునకొక సాయంకాలము, చదువెఱుగని యొక్కరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక పుస్తకములో పది పుటలైన చదివి వినిపించునట్లు నియమము చేసికొందము. చదువువానికి పుస్తకము తెలియును, వినువానికి లోకము తెలియును. ఒకరు లోనికి పోయినప్పుడు మరియొకరు వాకిట నిలుతురు. పిదప వంతు మారును.

నల్లకుక్క కాలు పక్షము దినములలో మానినది. మ్రొక్కు తీర్చిన శనివారము మొదలుకొని నా మిత్రుడు వసారాలోనికి వచ్చి బల్లదగ్గఱనే కూర్చుండుచున్నాడు. భారతము ముగిసినది, ఇప్పుడు భాగవతము చదువుచున్నాము. గజేంద్రుని ఘట్టమునకు వచ్చితిమి. అతని ప్రశ్నలు అప్పుడే మొదలైనవి.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ మెట్లమీద ఎవ్వరును మిగులకుండ అందరును బల్లదగ్గఱకు చేరుదురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.