సైనికురాలు సామీ ఆడిన ఆట



ఈ రోజు మీకు అమెరికా దేశపు ఆటగత్తె గురించి చెబుతాను. పేరు సామీ సల్లివాన్. ఆమె ఆడేది రగ్బీ. చేసేది సైన్యంలో ఉద్యోగం.

రగ్బీ అంటే ఏమిటి? మనకు కబడ్డీ తెలుసు కదా. కూతకొచ్చిన వాళ్లను నడుం పట్టి, కాళ్లు పట్టి పడేస్తాం. రగ్బీలో కూడా అలాగే పట్టి పడేస్తారు. అయితే అక్కడ బంతి ఉంటుంది. అది కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తాలి. అవతలి వాళ్ల గీత దాటి నేలకు ఆనిస్తే 5 పాయింట్లు. తర్వాత బంతిని తన్ని, రెండు స్తంభాల మధ్య అడ్డకర్ర పైనుంచి పంపితే ఇంకో 2. ఒక వింత ఉంది. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. వెనకున్న వాళ్లకే అందించాలి!

సామీ ఆడే రగ్బీలో జట్టుకు ఏడుగురు. ఆట 14 నిమిషాలే. అంతేనా అనుకోకండి. మైదానం పొడవు 100 మీటర్లు. ఆ ఏడుగురే అంతా పరుగెత్తాలి.

ఇక సైన్యం సంగతి. అమెరికాలో వెస్ట్ పాయింట్ అనే చోట సైనిక కాలేజీ ఉంది. 1802లో పెట్టారు. ఆడపిల్లలను మాత్రం 1976 దాకా చేర్చుకోలేదు. 174 ఏళ్లు తలుపు మూసే ఉంచారు! ఆ ఏడు 119 మంది అమ్మాయిలు చేరారు. 1980లో 62 మంది చదువు పూర్తిచేశారు. సామీ ఆ కాలేజీలోనే చదివింది. అక్కడ రగ్బీ ఆడింది. 2020లో ఆఫీసరై బయటికి వచ్చింది. తర్వాత కెప్టెన్ అయింది. ఇది జట్టు కెప్టెన్ కాదు, సైన్యంలో హోదా.

మరి ఉద్యోగం చేస్తూ ఆట ఎలా కుదిరింది? ఆటతోనే ఇల్లు గడవాలంటే ఎక్కడైనా కష్టమే, ఆడవాళ్లకు మరీను. అమెరికా సైన్యంలో ఒక పథకం ఉంది. పెద్ద పోటీలకు వెళ్లగల సైనికులకు జీతమిస్తూనే ఆట సాధన చేయనిస్తారు. సైనిక నియమాలు మాత్రం తప్పవు. సామీ ఆ పథకంలో చేరింది.

2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఆమె ఉంది. సెమీఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో ఓడిపోయారు. జూలై 30న కంచు పతకం కోసం ఆస్ట్రేలియాతో ఆడారు. ఆఖరి సెకన్లు వచ్చాయి. ఆస్ట్రేలియాకు 12, అమెరికాకు 7. అప్పుడు అలెక్స్ సెడ్రిక్ అనే అమ్మాయికి తమ గీత దగ్గర్లోనే బంతి దొరికింది. పట్టుకోబోయిన వాళ్లను విదిలించుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తింది. గీత దాటింది. తర్వాత బంతిని తన్నింది కూడా ఆమే.

పలకలు తీయండి. 7కు 5 కలపండి. ఆపైన 2. ఎంత వచ్చింది?

ఈ రకం రగ్బీలో అమెరికాకు, మగవాళ్లను కలుపుకున్నా, అదే మొదటి ఒలింపిక్ పతకం. అది గెలిచాక మిషెల్ కాంగ్ అనే వ్యాపారవేత్త, ఆమె కూడా స్త్రీయే, ఈ మహిళల జట్టు కోసం నాలుగేళ్లలో 40 లక్షల డాలర్లు ఇస్తానంది. పతకం రాకముందు ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేదని నాకనిపించింది.

గోడ మీద ప్రపంచ పటం ఉంది. రండి, పారిస్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.